పలకల అతుకు ఎందుకు విచ్చుకుంటుంది?



మన కేంద్రానికి చదువుకోవడానికి వచ్చే ఒక అక్క బట్టలు కుడుతుంది. ఇంట్లో ముందు గదిని రెండు చేసి, ఒక సగంలో మిషను పెట్టుకుంది. మధ్యలో గోడ కట్టించాలంటే ఇటుక కావాలి, సిమెంటు కావాలి, మేస్త్రికి కూలి ఇవ్వాలి. అంత డబ్బు లేదు. అందుకని ఫైబర్ బోర్డు పలకలతో అడ్డం పెట్టించింది. దానికి లేత నీలం రంగు వేయించింది. కొత్తలో ఆ అడ్డుగోడ ఎంత నునుపుగా ఉందో! పలకకూ పలకకూ మధ్య అతుకు ఉన్నట్టే తెలియలేదు.

ఎండాకాలం వచ్చింది. అడ్డుగోడ మధ్యలో, పైనుంచి కిందికి, నిలువుగా ఒక గీత పడింది. మొదట వెంట్రుకంత సన్నగా ఉంది. పది రోజుల్లో గోరు దిగేంత అయింది. రంగు వేసినతన్ని పిలిచింది. అతను వచ్చి గీతలో లప్పం పెట్టి, పైన రంగు వేసి, డబ్బు తీసుకుని వెళ్ళాడు.

వానలు పడ్డాయి. గీత ఉన్న చోట సన్నని గట్టులాగా పైకి లేచింది. మళ్ళీ ఎండలు వచ్చేసరికి పాత చోటే పగిలింది. మళ్ళీ లప్పం, మళ్ళీ రంగు, మళ్ళీ డబ్బు. మూడోసారి పిలిస్తే అతను, "ఈ పలకలే మంచివి కావమ్మా. అన్నీ పీకించి కొత్తవి వేయించు" అన్నాడు.

"సంఘంలో తీసుకున్న అప్పే ఇంకా తీరలేదు టీచరమ్మా! కొత్త పలకలు ఎక్కడినుంచి తెచ్చేది?" అని అక్క నా దగ్గర బాధపడింది.

నాకూ ఆ సంగతి తెలియదు. ఇద్దరం కలిసి పక్క ఊళ్ళో ఉన్న పెద్ద వడ్రంగి తాత దగ్గరికి పోయాం. ఆయన వచ్చి చూశాడు. ఆయన చెప్పిందీ, తరువాత మేం చేసి చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు ఇలాంటి పలకలు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. అలమర తలుపులకు, టీవీ బల్లలకు, మంచం తలాపికి కూడా ఇవే వాడుతున్నారు. కాబట్టి మీకూ పనికి వస్తుంది.

ఈ పలక దేంతో చేస్తారు?

మనం అక్షరాలు దిద్దిన పలక రాతిది. ఈ పలక వేరు. చెక్కను చిన్న చిన్న ముక్కలు చేసి, ఆవిరి పట్టి, పత్తి ఏకినట్టు పీచు పీచుగా చేస్తారు. ఆ పీచుకు జిగురు కలుపుతారు. వేడి మీద గట్టిగా అదిమితే పలక అవుతుంది. పీచును అదిమి గట్టి పలక చేసే పద్ధతి ఒకటి 1924లో అమెరికాలో విలియం మేసన్ అనే ఆయన కనిపెట్టాడు. కలప మిల్లులో పారేసే ముక్కలను చూసి, వీటిని ఎందుకు వాడకూడదు అనుకున్నాడట. ఇప్పుడు మన బజారులో ఎక్కువగా దొరికేదాన్ని ఎమ్‌డీఎఫ్ అంటారు. మామూలుగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది.

పలక ముఖం గట్టిగా, నునుపుగా ఉంటుంది. కానీ అంచు చూడండి. కోసిన చోట అంచు గరుకుగా, మెత్తగా, పీచుగా ఉంటుంది. నీళ్ళు తగిలితే అంచు పీల్చుకుంటుంది. గుడ్డ ముక్క కొస నీళ్ళలో పెడితే తడి పైకి ఎలా ఎక్కుతుందో, అలాగే.

తడి అంటే నీళ్ళు పోస్తేనే కాదు. వానాకాలంలో గాలిలో కూడా తడి ఉంటుంది. చెక్క తలుపు వానాకాలంలో బిగుసుకుపోయి మూసుకోదు. ఎండాకాలంలో మళ్ళీ వదులవుతుంది. మనందరి ఇళ్ళల్లో ఇది చూసిందే. ఎందుకంటే చెక్క గాలిలోని తడి పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ఆరి ముడుచుకుంటుంది. ఈ పలక కూడా చెక్క పీచే గదా! ఇదీ అంతే చేస్తుంది.

ఎంత ఉబ్బుతుంది అంటారా? 4 అడుగుల వెడల్పు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరు దాకా మారవచ్చు. ఒకటిన్నర మిల్లీమీటరు అంటే దాదాపు ఒక రూపాయి బిళ్ళ మందం. చూడ్డానికి అది ఎంతో కాదు. కానీ పలక ఎక్కడ మేకులతో బిగించి ఉందో అక్కడ కదలలేదు. కదిలేది అతుకు దగ్గరే. ఆ కాస్త కదలికనూ పైన వేసిన రంగు, లప్పం భరించాలి. గట్టిపడిన లప్పం సాగదు. అందుకని పగులుతుంది.

వడ్రంగి తాత ఈ మాట చెప్పగానే అక్కకు వెంటనే అర్థమైంది. "లూజు పెట్టకుండా కుట్టిన రవిక చంక దగ్గర పిగులుతుంది. అట్లాంటిదే గదా తాతా?" అంది. "అదేనమ్మా! పిగిలిన చోటే మళ్ళీ బిగించి కుడితే ఏమవుతుంది?" అన్నాడు తాత. "మళ్ళీ పిగులుతుంది" అంది అక్క. రెండుసార్లు డబ్బు పోయింది ఇందుకే.

ముందు కారణం వెతకాలి

తాత వచ్చీ రాగానే లప్పం పట్టలేదు. రాత్రిదాకా ఆగి, లైటు ఆర్పించి, టార్చిలైటు తెమ్మన్నాడు. టార్చిని గోడకు ఎదురుగా కాదు, గోడకు ఆనించి పక్కనుంచి వేశాడు. అప్పుడు పగలు కనిపించనివన్నీ కనిపించాయి. పలక ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ వంగిందో నీడ పడి తెలిసిపోయింది. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. ఖర్చు లేని పరీక్ష. మీరూ చేసి చూడండి.

అలా చూస్తే మూడు సంగతులు తేలాయి.

మిషను ఉన్న వైపు రంగు వేశారు గానీ, అవతలి వైపు వేయలేదు. ఆ పక్కన బియ్యం డబ్బాలు, పాత పెట్టెలు ఉన్నాయి. "అటు ఎవరు చూస్తారులే అని వదిలేశాను, ఒక డబ్బా రంగు మిగిలింది" అంది అక్క. తప్పు అక్కడే జరిగింది. రంగు వేసిన వైపు తడి లోపలికి తొందరగా పోదు. వేయని వైపు బాగా పోతుంది. ఒకవైపు ఎక్కువ ఉబ్బి, రెండోవైపు తక్కువ ఉబ్బితే పలక వంగుతుంది. వంగిన పలక అతుకును లాగుతుంది. మిగిలిన ఆ ఒక్క డబ్బా రంగుకు బదులుగా రెండుసార్లు కూలి ఇచ్చుకోవాల్సి వచ్చింది.

రెండోది, పలకల కింది అంచు నేలకు ఆని ఉంది. మనం రోజూ ఇల్లు కడుగుతాం, తడిగుడ్డ పెడతాం. ఆ నీళ్ళు అంచు తాగింది. కింద జానెడు మేర పలక లావెక్కి, పైన రంగు పొక్కు లేచింది. ఒకసారి అట్లా లావెక్కిన పలక ఎండినా మళ్ళీ మామూలు మందానికి రాదు. అతుకు పగులును బాగు చేయవచ్చు. తడికి చెడిన పలకను మాత్రం కోసి తీసేయాల్సిందే.

మూడోది, తాత అతుకు పక్కన వేలితో కొట్టి చూశాడు. బోలు చప్పుడు వచ్చింది. పలక మీద చెయ్యి పెట్టి నొక్కితే లోపలికి పోయి మళ్ళీ వచ్చింది. అంటే అతుకు వెనక నిలువు చెక్క లేదు. రెండు పలకల అంచులూ గాలిలో వేలాడుతున్నాయి. ఎవరు ఆనుకున్నా, మిషను తొక్కినప్పుడు అదిరినా అతుకు కదులుతుంది. దాని మీద ఎంత మంచి లప్పం పెట్టినా నిలవదు.

"పలకలు మంచివే తల్లీ, బిగించిన పద్ధతే బాగా లేదు" అన్నాడు తాత. అక్క ముఖం చూడాలి అప్పుడు!

బాగు చేయడం

మొదట వడ్రంగి పని. ఇది తాత చేశాడు. కింద అరంగుళం మేర పలకను రంపంతో కోసి నేలకు తగలకుండా చేశాడు. బాగా లావెక్కిన మూల ముక్కను తీసేసి వేరే ముక్క పెట్టాడు. అతుకు వెనక నిలువుగా ఒక చెక్క నిలబెట్టి, రెండు పలకల అంచులనూ దానికి మరమేకులతో, అంటే స్క్రూలతో బిగించాడు. మరమేకును పలక అంచుకు మరీ దగ్గరగా దించితే అంచు చీలుతుంది. అందుకని ముందు సన్నని రంధ్రం చేసుకుని, అంచుకు అంగుళం దూరంలో దించాడు.

తరువాతి పని మనమే చేసుకోవచ్చు. అక్కా నేనూ చేశాం.

పాత లప్పాన్ని తీసేయాలి. పైపైన కొత్తది పూస్తే ప్రయోజనం లేదు. పాత కత్తి కొసతో గీత పొడవునా గీరి, వదులుగా ఉన్నదంతా రాల్చాలి. రెండు పలకల మధ్య కొంచెం సందు ఉండాలి. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత సందు చాలు. పలకలు ఉబ్బినప్పుడు ఒకదాన్నొకటి తోసుకోకుండా ఉండటానికి ఆ చోటు కావాలి. మా అతుకులో పలకలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. వానాకాలంలో గట్టు లేచింది అందుకేనని అప్పుడు తెలిసింది.

గీరగానే అంచు పీచు బయటపడుతుంది. దానికి ప్రైమరు పట్టించాలి. ప్రైమరు అంటే అసలు రంగుకు ముందు వేసే పూత. పీచు అంచు దాహంగా ఉంటుంది కాబట్టి ఒకసారి వేస్తే మొత్తం పీల్చేస్తుంది. ఆరాక రెండోసారి వేయాలి. నీళ్ళు కలిపే ప్రైమరు వేస్తే పీచు నిక్కపొడుచుకుంటుంది, నూనె ప్రైమరు అయితే అంతగా నిక్కదు. మేం నూనెదే వాడాం. వాసన ఎక్కువ. తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టి, పొయ్యికి దూరంగా వేసుకోండి. దానికి నిప్పు తొందరగా అంటుకుంటుంది.

ఇప్పుడు సందు నింపాలి. ఇక్కడ దుకాణంలో జాగ్రత్త. ఇటుక గోడలకు వేసే సిమెంటు లప్పం తెచ్చుకోవద్దు. అది రాయిలా గట్టిపడుతుంది, పలకతో కలిసి కదలదు. సాగే గుణం ఉన్న యాక్రిలిక్ సీలెంటు అని గొట్టంలో వస్తుంది. అది అడగండి. సిలికాన్ అని ఇంకొకటి ఉంటుంది. అది కూడా సాగుతుంది గానీ, దాని మీద రంగు అంటుకోదు. గొట్టం మీద రాతలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకుని, పైన రంగు వేయవచ్చునా లేదా అని చూసి కొనండి. అడగడానికి మొహమాటం వద్దు. డబ్బు మనది.

దాన్ని సందులోకి నింపి, తడి వేలితో సాఫు చేసి, ఒక రోజు ఆరనివ్వాలి. ఆరాక కొంచెం లోపలికి కుంగుతుంది. మళ్ళీ కొంచెం పెట్టాలి. దాని మీద, అతుకు పొడవునా, జాలీ టేపు అంటించాలి. ఇది సన్నని వల లాంటి పట్టీ. రెండు పలకలనూ పట్టుకుని ఉంటుంది. రవికకు లోపల పట్టీ వేస్తాం గదా, ఆ పనే ఇది చేస్తుంది.

టేపు మీద చెక్కకు వాడే లప్పం పూయాలి. ఒకేసారి మందంగా పెట్టకండి. మందంగా పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, ఆరేకొద్దీ కుంగి పగులుతుంది. పలచగా రెండు మూడు సార్లు పూయాలి. ఒక్కొక్కసారీ పూర్తిగా ఆరనివ్వాలి. పూసే వెడల్పు కూడా ప్రతిసారీ పెంచుతూ పోవాలి. చివరికి గీతకు అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు వచ్చేట్టు చేయాలి. అక్క మొదట గీత మీదే పూసింది. టార్చి వేసి చూస్తే తాడు పెట్టినట్టు గట్టు కనిపించింది. మళ్ళీ వెడల్పుగా పూస్తే గట్టు మాయమైంది. నిజానికి అతుకు ఎక్కడికీ పోదు. పల్లం మెల్లగా, వెడల్పుగా ఉంటే కంటికి ఆనదు, అంతే.

ఉప్పు కాగితం మీద అంకె

లప్పం ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాలి. ఈ కాగితం వెనక ఒక అంకె ఉంటుంది. చదివి కొనండి. అంకె చిన్నదైతే కాగితం గరుకు. అంకె పెద్దదైతే నునుపు. మేం ముందు 120, తరువాత 220 వాడాం. దుకాణం అబ్బాయి 60 కాగితం కట్టి ఇచ్చాడు. అక్క వెనక తిప్పి చూసి, "ఇది 60 బాబూ, నేను అడిగింది 120" అంది. అతను ఏమీ అనకుండా మార్చి ఇచ్చాడు. 60తో రుద్ది ఉంటే పలక మీద గీరలు పడేవి, అవి రంగు కింద కూడా కనిపించేవి.

కాగితాన్ని చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్ళ కింద గుంటలు పడతాయి. సమంగా ఉన్న చిన్న చెక్క ముక్కకు చుట్టి రుద్దండి.

రుద్దేటప్పుడు లేచే పొడి చాలా సన్నం. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా ఈ పలకల జిగురులో మందు ఉంటుంది, దాని పొడి గొంతునూ కళ్ళనూ మండిస్తుంది. ముక్కుకూ నోటికీ బిగుతైన మాస్కు కట్టుకోవాలి. చీర కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. గర్భిణులు, చంటిపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. ఆహారం, నీళ్ళ బిందెలు బయట పెట్టాలి. పొడిని చీపురుతో ఊడిస్తే మళ్ళీ గాలిలోకి లేస్తుంది. నేల మీద తడిగుడ్డతో తుడవండి. గుడ్డ గట్టిగా పిండి తుడవాలి, పలక అంచుకు నీళ్ళు తగలకూడదు.

ఇంకొక ముఖ్యమైన మాట. పాత రంగుల్లో సీసం కలిపేవారు. సీసం విషం. పిల్లల మెదడు ఎదుగుదలను పాడు చేస్తుంది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు దాటకూడదని మన దేశంలో 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అక్క వేయించిన రంగు ఆ తరువాతిది. కానీ మీ ఇంట్లో తలుపుకో పెట్టెకో అంతకు ముందు వేసిన పాత రంగు ఉంటే, దాన్ని పొడి లేచేలా రుద్దవద్దు. తడిపి రుద్దుదామంటే పలక ఉబ్బుతుంది. అలాంటప్పుడు రుద్దే పని లేని ఉపాయం ఒకటి ఉంది.

బద్ద కొట్టడం

ఆ ఉపాయం బద్ద. అతుకు పొడవునా ఒక అంగుళంన్నర వెడల్పు చెక్క బద్ద కొట్టి కప్పేయడమే. దుకాణంలో బీడింగు అంటే ఇస్తారు. గీతను దాచడానికి ఇంత తంటా ఎందుకు, దాని మీద బద్ద కొడితే గోడకు చారలా అందంగానే ఉంటుంది అని నా ఉద్దేశం. పాత కాలం తలుపులకు కూడా అతుకుల మీద ఇలా బద్దలు ఉండేవి. తెలియక కాదు, చెక్క కదులుతుందని తెలిసే పెట్టారు.

కానీ ఒక కిటుకు ఉంది. బద్దకు కొట్టే మేకులన్నీ ఒకవైపు పలకలోకే దిగాలి. రెండు పలకలకూ కొట్టారంటే మళ్ళీ బిగించినట్టే. పలక ముడుచుకున్నప్పుడు బద్ద చీలుతుంది, లేదా మేకు ఊడుతుంది. ఒకవైపే కొడితే, రెండో పలక బద్ద కింద అటూ ఇటూ జరుగుతుంది. ఎవరికీ కనిపించదు.

మా అడ్డుగోడలో రెండు అతుకులు ఉన్నాయి. మధ్య అతుకుకు లప్పం పని చేశాం. నీళ్ళ బిందెల వైపున్న అతుకుకు బద్ద కొట్టాం, అక్కడ తడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి.

చివరగా రంగు. ముందు లప్పం పూసిన చోట ప్రైమరు వేయాలి, లేకపోతే ఆ చోట రంగు వేరేగా, మచ్చలా కనిపిస్తుంది. ఆ తరువాత బాగు చేసిన చోటు వరకే రంగు వేయకుండా, ఆ పలకలు మొత్తానికీ వేయాలి. పాత రంగు వెలిసి ఉంటుంది, కొత్తది దానితో కలవదు. మెరిసే రంగు ప్రతి ఎత్తుపల్లాన్నీ చూపిస్తుంది. మెరుపు లేని రంగు దాస్తుంది. అక్కకు మెరుపు ఇష్టం, కానీ ఈసారి మెరుపు లేనిదే తెచ్చింది. అవతలి వైపు కూడా రెండు పూతలు వేశాం. కోసిన కింది అంచుకు ప్రైమరు పట్టించడం మరిచిపోలేదు.

ఈ పని ఎప్పుడు చేయాలి? నడి వేసవిలో చేస్తే సందు బాగా తెరుచుకుని ఉంటుంది. అప్పుడు నిండుగా నింపితే వానల్లో పలకలు ఉబ్బి, నింపింది బయటికి తన్నుకొస్తుంది. ముసురు రోజుల్లో చేస్తే సందు మూసుకుని ఉంటుంది, ఎండల్లో తెగుతుంది. వానలు వెనకపట్టి, చలి ఇంకా ముదరని రోజులు మంచివి. మేం కార్తీక మాసంలో చేశాం. లప్పం ఆరడానికి కూడా ఆ గాలి బాగుంది.

తాతకు ఒకటిన్నర రోజు కూలి, ఒక నిలువు చెక్క, ఒక బద్ద, ఒక గొట్టం, టేపు, లప్పం, రెండు రకాల ఉప్పు కాగితం, ప్రైమరు, రంగు. ఖర్చులన్నీ అక్క తన నోటు పుస్తకంలో తనే రాసుకుని, తనే కూడింది. కొత్త పలకలకు చెప్పిన డబ్బులో నాలుగో వంతు కూడా కాలేదు.

ఎండాకాలం దాటింది. మొన్న వానల్లో మళ్ళీ రాత్రిపూట టార్చి వేసి చూశాం. మధ్య అతుకు బాగానే ఉంది. పైన, కప్పు దగ్గర, బెత్తెడు పొడవున సన్నని గీత కనిపించింది. అక్కడ కప్పు నుంచి తడి దిగుతోందేమోనని అక్కకు అనుమానం. తాత వచ్చి పెంకు తీసి చూస్తానన్నాడు. అంతవరకు దాని మీద లప్పం పెట్టనని అక్క చెప్పింది.